రాయాల్నా, దాయాల్నా?

హైదరాబాద్ నుంచి విజయవాడ పోయే 65వ నంబరు జాతీయ రహదారి మీద నార్కట్‌పల్లి దాటితే కట్టంగూర్, అది దాటితే నకిరేకల్. ఈ మండలాల్లో డిగ్రీ చదివిన పిల్లలు చాలామంది చౌటుప్పల్ దిక్కు మందుల కంపెనీలకు పోతారు. చదువు అందనివాళ్లు ధాన్యం కొనుగోలు కేంద్రంలోనో, ఎరువుల గోదాంలోనో, మిర్యాలగూడ రైసుమిల్లుల్లోనో బస్తా ఎత్తుతారు. రెండు పనుల్లోనూ ముందుగా చెడేది భుజం. చివరిదాకా బయటికి చెప్పుకోని నొప్పి కూడా అదే.

ఇక్కడ మాట్లాడుకుంటున్నవాళ్లు మేనమామ, మేనల్లుడు. మామ హమాలీ, హమాలీ సంఘంలో పాత మనిషి. అల్లుడు బీఎస్సీ కెమిస్ట్రీ చదివి, ఒక మందుల కంపెనీ ప్రొడక్షన్‌లో కాంట్రాక్టు మీద చేస్తున్నాడు. సెంట్రిఫ్యూజ్‌లోంచి తడి సరుకు తోడుతున్నప్పుడు కుడి భుజం పట్టేసింది. ఉద్యోగం ఇంకా పోలేదు గానీ, ఉంటుందన్న నమ్మకం లేక వేరే కంపెనీలకు తిరుగుతున్నాడు. కొత్త కంపెనీ ఇచ్చిన మెడికల్ ఫారంలో ‘ఇంతకుముందు గాయాలు, ఆపరేషన్లు ఉన్నాయా’ అని ఒక ప్రశ్న ఉంది. లేవని రాస్తానంటాడు అల్లుడు. అట్లా రాయొద్దంటాడు మామ. ఎవరి కారణాలు వాళ్లకు బలంగానే ఉన్నాయి. అందుకే వాళ్ల మాటలను వాళ్ల యాసలోనే పెడుతున్నాను.

మామ: ఫారం ఇటు తే. ఇదేంది, ‘నో’ కాడ పెన్సిలుతోని టిక్కు పెట్టినవ్?

అల్లుడు: పెన్ను పెట్టేముందు నిన్ను ఒకమాట అడగమన్నది అమ్మ. నువ్వేమంటవో నాకు ఎరుకే మామా. కాని ‘ఉంది’ అని రాస్తే ఈ ఫారం ఆ టేబులు దాటదు. నాలాంటోళ్లు బయట కుర్చీలల్ల వరసగ కూసుంటరు, అందరివీ మంచి భుజాలే. వాళ్లను ఇడిచి నన్నెందుకు తీసుకుంటరు?

మామ: తీసుకోకపోవచ్చు, నేను కాదంటలేను. మరి ‘లేదు’ అని రాసి లోపలికి పోయినవనుకో. ఆడ నిన్ను ఏం పనిల పెడ్తరు?

అల్లుడు: ప్రొడక్షనే. నాకున్న ఎక్స్‌పీరియన్స్ దాంట్లనే గద.

మామ: అంటే మల్ల అదే సెంట్రిఫ్యూజ్, అవే డ్రమ్ములు.

అల్లుడు: జాగర్తగ చేసుకుంట. ఎక్కువ ఎడమ చేత్తోని గుంజుత. మరీ పట్టుకున్ననాడు గోలీ ఏసుకుంట.

మామ: గోలీ ఏసుకొని ఏండ్లకేండ్లు మోసినోడే నీ ఎదురుంగ కూసున్నడు. గోలీ నొప్పిని ఆపుతది గాని చినుగును ఆపదు అల్లుడా. రెండోసారి పట్టేసిననాడు కంపెనీ డాక్టరు ఎంఆర్ఐ తీయిస్తడు. దెబ్బ పాతదా కొత్తదా అండ్ల తెలుస్తదా, తెల్వదా?

అల్లుడు: తెలుస్తది. చినిగి చానా రోజులైతే కండ సన్నబడుతది, దాంట్ల కొవ్వు చేరుతది. ఫిజియో మేడమ్ చెప్పింది.

మామ: ఇగ నువ్వే చూస్కో. నీ సంతకంతోని ‘లేదు’ అన్న కాయితం వాళ్ల ఫైల్ల ఉంటది. పాత చినుగు వాళ్ల స్కాన్‌ల ఉంటది. ఇది మా దగ్గర తగిలింది కాదు పొమ్మంటరు. ఈ కంపెనీల నీకు రావాల్సింది నువ్వే ఇడిచిపెట్టినవ్. ఆ కంపెనీల రావాల్సింది ఈ టిక్కు పోగొడ్తది.

అల్లుడు: ఈ కంపెనీల నేనేం ఇడిచిపెట్టిన? ఆ రాత్రి షిఫ్టు ఇన్‌చార్జే దవాఖానకు తోల్కపోయిండు. ఎక్స్‌రే పైసలు ఆయనే కట్టిండు. బొక్క ఇరగలేదన్నరు. ‘ఇంటికాడ జారిపడ్డ అని చెప్పు తమ్మీ, లేకపోతే అందరం పరేషాన్ అయితం’ అన్నడు. సరే అన్న. ఇరగలేదని సంబురంల ఉన్న నేను.

మామ: ఎక్స్‌రేల బొక్కే గద కనపడేది.

అల్లుడు: అది నాకు తర్వాత తెలిసింది. సాసరు మీద నిమ్మకాయ పెడితే ఎట్లుంటదో భుజం కీలు అట్లుంటదట మామా. తుంటి కీలైతే లోతు గుంటల కూసుంటది. ఇది అట్ల కాదు, గుంట మీద ఊరికే ఆనుకొని ఉంటది. అందుకే చెయ్యి అన్ని దిక్కులకు తిరుగుతది, అందుకే తొందరగ జారుతది గూడ. దాన్ని పట్టుకొని ఉండేటియి చుట్టూ ఉన్న నాలుగు కండరాలు, వాటి నరాల్లాంటి పట్టీలు. అండ్ల పైన ఉన్న పట్టీ నాది సగం చినిగింది. నెలన్నర తర్వాత, చెయ్యి ఎత్తి దువ్వెన పెట్టుకోరాకపోతే, ఎంఆర్ఐ తీయిస్తే బయటపడ్డది. ఆ నెలన్నర షిఫ్టులు చేసుకుంటనే ఉన్న.

మామ: ఆ నెలన్నరల నీ జీతంకెల్లి ఈఎస్ఐ కట్ అయిందా?

అల్లుడు: అయితది గద. పద్దెనిమిది వేలకు నెలకు 135 రూపాయలు.

మామ: నీది నూటికి ముప్పావలా, వాళ్లది నూటికి మూడుంపావలా. 21 వేల లోపు జీతమోళ్లందరికీ ఉన్నదే ఇది. ఆ 135 ఎందుకు కడుతున్నవో ఎన్నడన్న అడిగినవా? పనిల తగిలిన దెబ్బకు ఇంట్ల ఉండాల్సొస్తే, పనికి రాని దినాలకు కూలిల నూటికి తొంభై వంతులు ఈఎస్ఐ ఇయ్యాలె. ఎన్ని దినాలు చెయ్యి పని చేయకపోతే అన్ని దినాలు. మామూలు జరం లెక్క రాస్తే నూటికి డెబ్బయ్యే, అది గూడ ఏడాదికి 91 దినాలకు మించదు. ‘ఇంటికాడ జారిపడ్డ’ అన్న ఒక్క మాటకు పదహారువేల రెండొందలు పన్నెండువేల ఆరొందలైంది. నువ్వు అది గూడ తీసుకోలేదు, ఉట్టి జీతం కోతల పోయినవ్.

అల్లుడు: లెక్క మంచిగనే ఉంది మామా. కాంట్రాక్టరు ‘రేపటికెల్లి రాకు’ అంటే ఏ లెక్క పనికొస్తది?

మామ: ఆ పైసలు తీసుకుంటున్నన్ని దినాలు పనిలకెల్లి తీసేయొద్దు, శిక్ష ఏయొద్దు అని 1948 ఈఎస్ఐ చట్టంలనే రాసి ఉండె, 73వ సెక్షన్. ఇప్పుడు ఆ చట్టాన్ని కొత్త సామాజిక భద్రత కోడ్‌ల కలిపిండ్రు. 2025 నవంబర్ 21 కెల్లి అమలు అన్నరు. చట్టం పేరు మారింది గాని, దెబ్బ ఏడ తగిలిందో అదే దినం రాసిపెట్టుకోవాల్సిన అవసరం మారలేదు. యాక్సిడెంట్ రిపోర్టు పంపాల్సింది కంపెనీ. వాళ్లు పంపకపోతే నువ్వే ఈఎస్ఐ బ్రాంచి ఆఫీసుల చెప్పొచ్చు. నువ్వు కాంట్రాక్టు మీద ఉన్నవని నిన్ను పక్కకు పెట్టరాదు. కాంట్రాక్టరు కట్టకపోతే అసలు కంపెనీయే కట్టాలె.

అల్లుడు: నువ్వు చట్టం చదివినవ్. నేను హెచ్ఆర్ మొఖం చదివిన. కొత్త కంపెనీల చేరాల్నంటే పాత కంపెనీ రిలీవింగ్ లెటర్ ఇయ్యాలె, ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ ఇయ్యాలె. వాళ్లు ఫోన్ చేసి ‘పిలగాడు ఎట్లుంటడు’ అని అడుగుతరు. ‘కేసులు పెడ్తడు’ అన్న ఒక్క మాట చాలు. ఈ లైన్ల ఉన్న కంపెనీల సూపర్‌వైజర్లు అందరికందరు ఎరుక. నువ్వు రాయమంటున్న కాయితం నా భుజానికి పనికొస్తది, నా నౌకరికి కాదు.

మామ ఈ మాటకు వెంటనే జవాబివ్వలేదు. నిజానికి దీనికి తేలిక జవాబు ఎవరి దగ్గరా లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం సర్కారు ఉద్యోగంలో ఉండగా వైకల్యం వస్తే ఆ మనిషిని తీసేయరాదు, హోదా తగ్గించరాదు. చేసే పనికి పనికిరాకపోతే అదే జీతంతో ఇంకో పని చూపాలి. రంగులు గుర్తుపట్టలేడని ఇంటికి పంపిన తెలంగాణ ఆర్టీసీ డ్రైవరుకు వేరే పని ఇవ్వాల్సిందేనని 2025లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ రక్షణ కంపెనీ గేటు ముందు నిలబడ్డ కాంట్రాక్టు పిల్లగాడి దాకా రాదు. రిజర్వేషన్‌కు, పింఛనుకు సదరం క్యాంపులో కనీసం 40 శాతం వైకల్యం తేలాలి. సగం చినిగిన భుజం అంత దూరం పోవడం కష్టం. సర్టిఫికెట్ ఇచ్చేంత వైకల్యం కాదు, డ్రమ్ము ఎత్తేంత ఆరోగ్యమూ కాదు. ఈ నడిమి జాగాలో ఉన్నవాళ్లను లెక్కపెట్టే ఆఫీసు ఏదీ నాకు కనిపించలేదు. అల్లుడి భయాన్ని పిరికితనమని నేను అనలేను. కానీ ఆ భయం ఖర్చంతా వాడి భుజమే కడుతోంది. అది నాకు మింగుడు పడదు.

మామ: పాత కంపెనీ లెటర్ ఇయ్యకుంట సతాయిస్తదేమో, అది నిజం. అందుకే లొల్లి పెట్టుకొని రాయమంటలేను. పెద్దమనిషి తీరుగ రాయి. ఏ తారీకున, ఏ షిఫ్టుల, ఏ బ్లాకుల, ఏం తోడుతుంటే పట్టేసింది, పక్కన ఎవరున్నరు. తప్పు ఎవరిదో రాయాల్సిన పని లేదు. ఈఎస్ఐ పైసలకు తప్పు తేలాల్సిన అవసరమే లేదు, పనిల తగిలిందా లేదా అన్నదే లెక్క.

అల్లుడు: ఏమో మామా. నువ్వేమో నాకు ఇన్ని కాయితాలు చెప్తున్నవ్. నీ భుజానికి ఎన్నడన్న ఒక్క కాయితం రాసినవా? రుమాలు నువ్వు కట్టుకుంటలేవు, అత్త కడుతున్నది. వెనకకు చెయ్యి పెట్టి బనీను ఇప్పుకోలేవు. రాత్రి ఆ దిక్కు ఒరగలేవు. అన్నీ చూస్తనే ఉన్న.

మామ: నాది దెబ్బ కాదు. వయసు. మన నల్లగొండ నీళ్లు తాగినోళ్లకు కీళ్లు పట్టుకునుడు కొత్తనా?

అల్లుడు: ఫ్లోరైడ్ మీదికి తోసెయ్యకు. దానితోని నడుము, మెడ, మోకాళ్లు, అన్నీ బిగుస్తయి. నీకు ఒక్క భుజమే బిగుసుకుంది. నీకు షుగర్ ఉంది. షుగర్ ఉన్నోళ్లకు భుజం గట్టిపడే జబ్బు మిగతావాళ్ల కంటే చానా ఎక్కువ వస్తదట, ఫ్రోజెన్ షోల్డర్ అంటరు. కీలు చుట్టున్న సంచి దళసరైతది, దగ్గరికి గుంజుకుంటది. ముందు నొప్పి పెరుగుతది, తర్వాత నొప్పి తగ్గి బిగుసుకుంటది, ఆఖరుకు మెల్లగ సడలుతది. అంతా అయ్యేటాళ్లకు ఏడాది కెల్లి మూడేండ్లు పడుతదట. నువ్వు నొప్పి తగ్గిందని మంచిగైందనుకున్నవ్. అది బిగుసుకునే దశ.

మామ: మరి పని చేస్తే సడలాలె గద. నేను ఒక్క సీజను ఆపలేదు.

అల్లుడు: బస్తా మోసుడు కసరత్తు కాదు మామా! బరువు కిందికి గుంజుతది, కీలు తిరగదు. నువ్వు ఎత్తేది భుజంతోని కాదు, ఆ పక్క నడుము వంచి, మెడ గుంజి ఎత్తుతున్నవ్. ముందుకు వంగి, చెయ్యి వేలాడేసి, గుండ్రంగ తిప్పుడు ఒకటి. గోడకు వేళ్లు ఆనించి ఒక్కొక్క వేలు పైకి నడిపించుడు ఒకటి. గిరక మీద తాడేసి మంచి చేత్తోని గుంజి, చెడ్డ చేతిని పైకి లేపుడు ఒకటి. మన పాత బాయి గిరక ఇంకా ఉన్నది గద, తలుపు మీద దూలానికి కట్టిచ్చుకో. చేసినంక నొప్పి రాత్రికి తగ్గితే సరిపోయింది, తెల్లారిదనుక ఉంటే ఎక్కువ చేసినట్టు.

మామ: నువ్వు చేస్తున్నవా ఇవి?

అల్లుడు: మొదట్ల చేయలేదు. మెడకు పట్టీ ఏసుకొని చెయ్యి కదపకుంట కూసున్న. కదిపితే ఇంకింత చినుగుతదేమోనని భయం. మేడమ్ తిట్టింది, ఆపరేషన్ కాలేదు గద, ఇన్ని రోజులు పట్టీ ఉంచుకుంటే చిన్నవయసుల గూడ కీలు బిగుస్తదని. ఇప్పుడు బస్సుల జనం తగలకుండ మాత్రమే ఏసుకుంటున్న. ఇంటర్వ్యూ కాడ గేటు బయటనే తీసి సంచిల పెడ్త.

మామ: తీసి సంచిల పెట్టి, షేక్‌హ్యాండ్ ఇస్తవ్.

అల్లుడు: ఇస్త. ఇచ్చేటప్పుడు మోచెయ్యి పక్కకు ఆనించుకుంట, ఎవరికీ తెల్వదు. చానా నేర్చుకున్న మామా. అంగీ ఏసుకునేటప్పుడు ముందు దెబ్బ చెయ్యి దూర్చాలె, ఇప్పేటప్పుడు ఆఖరుకు తీయాలె. పండుకుంటే చెయ్యి కింద దిండు ఉండాలె, లేకపోతే నడిరాత్రి లేపుతది. కంప్యూటరు మౌస్ ఎడమకు మార్చిన. బస్సుల పై కడ్డీ పట్టుకోరాదు, నిలబడితే ఎడమ చేత్తోని సీటు పట్టుకునే జాగ చూసుకుంట. బండి నడుపుడు బంద్ చేసిన, ఆక్సిలేటర్ తిప్పుడు కంటే గుంత వచ్చినప్పుడు హ్యాండిల్ కొట్టే దెబ్బే ఎక్కువ. ఇవన్నీ చేస్కుంట ఒక నౌకరి చేస్తున్న, ఇంకో నౌకరి ఎతుకుతున్న. సెలవు పెట్టి ఇంటర్వ్యూకు పోతే జీతం కోత, సెలవు పెట్టి ఫిజియోకు పోతే జీతం కోత. నెలకు ఎన్ని సెలవులు పెట్టాలె చెప్పు? అందుకే ఫిజియో సగంల పోయింది.

మామ: అదే నేను చెప్పేది. ఆ తొంభై వంతులు వస్తే ఫిజియో సగంల పోకపోవు. నువ్వు దాసింది భుజాన్ని కాదురా, నీకు దొరకాల్సిన టైంను.

అల్లుడు: నీకు మాత్రం టైం ఎవరిచ్చిండ్రు మామా? నువ్వు సీజను ఆపలేదని ఇప్పుడే అంటివి.

మామ: నాకు ఇచ్చేటోడే లేడు. నీకు కంపెనీ ఉంది, కాంట్రాక్టరు ఉన్నడు, ఒక గేటు ఉంది పోయి అడుగుతందుకు. నా మాలిక్ ఎవరు? కొనుగోలు కేంద్రంల బస్తా నింపి కాంటా పెడ్తం. సెంటరు ఒకరిది, వడ్లు రైతుయి, లారీ ఇంకొకరిది, దింపేది మిల్లుల. కొనేది పౌరసరఫరాల సంస్థ. భుజం పడిపోతే వీళ్లల్ల ఎవరి గేటు కాడికి పోవాలె? ఒకరి మీదికి ఒకరు చెప్తరు. రైతును అడుగుదమంటే ఆయన బతుకు గూడ గంతే. మహారాష్ట్రల 1969 లనే మాథాడి హమాలీల చట్టం తెచ్చిండ్రు. హమాలీలు బోర్డుల పేరు రాయించుకుంటరు, సరుకు మోయించుకునేటోళ్లు కూలితోపాటు సెస్సు గూడ బోర్డుకు కడుతరు, దాంట్లకెల్లి పీఎఫ్, దవాఖాన ఖర్చు, దెబ్బ తగిలితే పరిహారం. యాభై ఏండ్లు దాటింది. మా సంఘం అడిగేది అసొంటి బోర్డే.

అల్లుడు: ఆరోగ్యశ్రీ ఉంది గద. 2023 డిసెంబర్ కెల్లి పది లక్షలు చేసిండ్రు.

మామ: ఆపరేషన్‌కు పనికొస్తది, మంచిదే. ఆపరేషన్ అయినంక ఆరు వారాలు చెయ్యి పట్టీల ఉంచాలె, మల్ల బరువు ఎత్తుతందుకు నాలుగు నెలలో ఆరు నెలలో అంటరు. ఆ ఆర్నెల్లు ఇంట్ల పొయ్యి ఎట్ల మండుతది? ఆ కార్డుల దానికి జాగ లేదు. ఏడాదికి ఇరవై రూపాయల బ్యాంకు బీమా ఉన్నది సూడు, సురక్ష బీమా. దాంట్ల ఒక చెయ్యి పూర్తిగ పోతే లక్ష. చెయ్యి ఉండి పైకి లేవకపోతే ఏం లేదు.

అల్లుడు: చెయ్యి పోయినోనికే లెక్కనా అయితే?

మామ: అన్నిచోట్ల గట్ల కాదు. ఇప్పుడు కొత్త కోడ్‌ల కలిసిన కార్మికుల పరిహారం చట్టంల ఒక పట్టీ ఉండె, 1923 నాటిది. భుజం కీలు కాడికి చెయ్యి తెగితే సంపాదన శక్తి నూటికి తొంభై పోయినట్టు అని దాంట్ల రాసి ఉంది. తెగకుంట బిగుసుకుంటే ఎంతనో రాయలేదు, డాక్టరు చెప్పాలె. కాని సంఘం క్లాసుల వకీలు సారు ఒక ముచ్చట చెప్పిండు. ఒడిశాల జైపూర్ కాడ ఒక సినిమా హాల్ల పని చేస్తుంటే ఒక వడ్రంగాయన పైకెల్లి పడ్డడు, 1968 ల. ఎడమ చెయ్యి మోచేతి పైన తీసేసిండ్రు. పట్టీ లెక్కల నూటికి నూరు రాదు, కాబట్టి పూర్తి పరిహారం ఇయ్యనన్నడు యజమాని. కేసు సుప్రీంకోర్టు దనుక పోయింది. ఒంటి చేతి మనిషి వడ్రంగం చేయలేడు, కాబట్టి ఆయనకు పోయింది నూటికి నూరే అన్నది కోర్టు. 1975 ల. చెయ్యి ఎంత పోయింది అని కాదు అల్లుడా, ఆ చెయ్యి చేసే పని ఎంత పోయింది అని చూడాలె. నా బుర్రల ఆ మాట అట్లనే నిలిచిపోయింది.

అల్లుడు: మరి బస్తా బరువు సంగతి? అదన్న తగ్గిందా?

మామ: మా నాయిన కాలంల క్వింటాల్ బస్తాలు. ఇప్పుడు కేంద్రంల వడ్ల బస్తా 40 కిలోలు, బియ్యం 50, సిమెంటు 50. యూరియా 2018 ల 50 కెల్లి 45 చేసిండ్రు. హమాలీ భుజాన్ని చూసి కాదు, రైతులు యూరియా ఎక్కువ చల్లుతున్నరని. ఒక్క మనిషి 55 కిలోలకు మించి మోయొద్దని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967 లనే సలహా ఇచ్చింది. బరువు తగ్గింది నిజమే. కాని లారీ తొందర్ల ఉంటది, వాన వచ్చేటట్టుంటది. ఒక్క బస్తా ఎంత అని కాదు, దినాం ఎన్ని బస్తాలు అని అడగాలె. అది ఎవరూ రాయరు.

అల్లుడు: అంటే నీకు లెక్కరాసేటోడు లేడు, నాకు లెక్క ఉన్నా నేను రాయించుకోలేదు.

మామ: నేను అందుకే నీ మీద కోపం చేస్తున్న. నాకు లేనిది నీకు ఉంది.

అల్లుడు: సరే. పాత కంపెనీకి రాస్త. ఈఎస్ఐ ఆఫీసుకు గూడ పోయొస్త. కాని ఈ ఫారం సంగతి తేలలేదు. ‘ఉంది’ అని రాస్తే నౌకరి పోతదన్న నా మాటకు నువ్వు ఇంకా జవాబు చెప్పలేదు.

మామ: ఉత్త ‘ఉంది’ అని ఎవరు రాయమన్నరు? అడగనిచోట చెప్పే పని లేదు. నీ బయోడేటాల భుజం ముచ్చటే వద్దు. అడిగి సంతకం తీసుకునేకాడ మాత్రం అబద్ధం రాయొద్దు. నీ ఎముకల డాక్టరు కాడికి పో. ఏం చేయలేవో కాదు, ఏం చేయగలవో రాయించుకో. ల్యాబుల చేయగలడు, రికార్డులు రాయగలడు, కంప్యూటరు కాడ చేయగలడు, నడుము ఎత్తు దనుక బరువు పట్టగలడు, భుజం పైకి బరువు ఎత్తే పని ఇన్ని నెలలు వద్దు. ఆ సర్టిఫికెట్ ఫారానికి కుట్టి ఇయ్యి. ప్రొడక్షన్‌కు కాదు, క్యూసీకి, అదే క్వాలిటీ కంట్రోల్‌కు అప్లై చెయ్యి.

అల్లుడు: క్యూసీల నాకు ఎక్స్‌పీరియన్స్ లేదు. ఫ్రెషర్ జీతం ఇస్తరు. నాలుగైదు వేలు తగ్గుతది.

మామ: తగ్గుతది. ఏడాది తగ్గుతది.

అల్లుడు: చెల్లె ఫీజు ఉంది మామా. ఏడాది అని నువ్వు సులువుగ అంటున్నవ్.

మామ: సులువుగ అనలేదు. రెండోసారి పూర్తిగ చినిగితే అది తనంతట తాను అతుక్కోదు, ఆపరేషనే. అప్పుడు నాలుగైదు వేలు కాదు, ఆర్నెల్ల జీతం పోతది. రెండు నష్టాలల్ల ఏది చిన్నదో చూసుకోమంటున్న, అంతే.

ఈ ఫారాన్ని ఆ కంపెనీ ఎట్లా చూస్తుందో నాకు తెలియదు. పక్కన పెట్టినా ఆశ్చర్యపోను. అయినా ఇక్కడ నేను మామ పక్షమే, ఎందుకంటే భుజాన్ని దాచి సంపాదించిన ఉద్యోగంలో ప్రతి షిఫ్టూ ఆ భుజంతోనే చేయాలి. జీతం విషయంలో మాత్రం అల్లుడు చెప్పింది వినకుండా ఎవరూ సలహా ఇవ్వకూడదు. ఏడాది తక్కువ జీతంతో గడపగలిగే ఇల్లు వేరు, గడపలేని ఇల్లు వేరు. కంపెనీలు గాయపడ్డ మనిషికి కొన్నాళ్లు తేలిక పని చూపిస్తే ఈ లెక్కే రాదు. పని తెలిసిన కెమిస్టును అదే కంపెనీలో క్యూసీ బల్ల దగ్గరికి పంపడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు.

అల్లుడు: సరే, ఇట్ల రాస్తున్న, విను. ‘కుడి భుజానికి పనిలో గాయమైంది, చికిత్స నడుస్తున్నది. డాక్టర్ ఇచ్చిన ఫిట్‌నెస్ సర్టిఫికెట్ జతపరిచాను. భుజం ఎత్తు దాటి బరువులెత్తే పని తప్ప మిగతా పనులు చేయగలను.’ ఇది ఇచ్చి చూస్త. క్యూసీకి ఇస్త, ప్రొడక్షన్‌కు గూడ ఇస్త.

మామ: ప్రొడక్షన్‌కు ఎందుకు?

అల్లుడు: సెంట్రిఫ్యూజ్ కాక ప్రొడక్షన్‌ల ప్యానెల్ కాడ కూసునే పని గూడ ఉంటది. నీకు ఎరుక లేదు, నాకు ఎరుక.

మామ: ఆ ముచ్చట మొదటనే చెప్పాలె గద.

అల్లుడు: నువ్వు చెప్పనిస్తే గద. ఇగ నీ సంగతి. నాతోని ఫిజియో కాడికి రా.

మామ: యాసంగి కోతలు మొదలైతయి. కోతలు అయినంక వస్త.

అల్లుడు: నిరుడు గూడ ఇదే అన్నవ్. నిరుడు ఆ చెయ్యి తల మీదికి వచ్చేది.

మామ: కూలి ఇడిచిపెట్టి రావాలె అల్లుడా. నాకు నీ లెక్క తొంభై వంతులు లేవు.

అల్లుడు: ఈఎస్ఐ పైసలు వస్తే అండ్లకెల్లి నీ కూలి నేనిస్త.

మామ: అల్లుని పైసలతోని కాదు. సంఘం మీటింగు కోతలకు ముందే ఉంది. దెబ్బ తగిలిన హమాలీకి ఆరు వారాల కూలి ఎవరియ్యాలె, ఎవరి కాడ సెస్సు వసూలు చేయాలె, రైతు మీద పడకుంట ఎట్ల, ఇదే పెడ్త.

అల్లుడు: ఉత్త మాట పెడితే సప్పట్లు కొట్టి పోతరు. అర్జీకి కాయితం కావాలె. ఎవరి భుజం, ఎన్నేండ్లు మోసిండు, ఇప్పుడు చెయ్యి ఎంతెత్తు లేస్తుంది, డాక్టరు ఏం రాసిండు. నన్ను రాయమన్నవన్నీ నువ్వు గూడ రాయించుకో. ఆ అర్జీల మొదటి కాయితం నీదే ఉండాలె.

మామ: షుగర్ టెస్టు గూడ పెట్టాల్నా అండ్ల?

అల్లుడు: పెట్టాలె. దాస్తే వాళ్లు నిన్నూ అదే అంటరు, బస్తాలతోని కాదు, షుగర్‌తోని వచ్చిందని.

మామ: అంటరు. సరే, పెడ్త. మంగళారం పొద్దుగాల అయితే వస్త, పది గంటల లోపల ఇడిచిపెట్టాలె నన్ను. గోదాంల లోడు ఉన్నది.